మా ఊరివాళ్లు యుగోస్లావియాను సాగనంపిన రోజు

చీటీ విప్పితే యుగోస్లావియా అని ఉంది. నేను ఎగిరి గంతేశాను. ఆ పేరు ఎలా పలకాలో తెలీదు, ఆ దేశం ఏ దిక్కున ఉందో తెలీదు, అయినా అది నాది. తొమ్మిదో తరగతి దాకా ఏ చీటీలోనూ నాకేదీ తగల్లేదు. పొట్టిదాన్ని కాబట్టి ప్రార్థన వరసలో అందరికంటే ముందు నిలబెట్టేవారు, డాన్సులకూ నాటకాలకూ మాత్రం కనపడవు పొమ్మనేవారు. ప్రతి వార్షికోత్సవంలోనూ నా వంతు పని వచ్చిన పెద్దలకు మంచినీళ్ల గ్లాసులు అందివ్వడం. ఈసారి గ్లాసుల పళ్లెం ఇంకెవరో పట్టుకుంటారు. నేను జెండా పట్టుకుని మైదానం మధ్యలో నడుస్తాను.

ఇది రెండువేల ఆరు మొదట్లో మాట. దుమ్ముగూడెంలో హాస్టల్లో ఉండి హైస్కూల్లో చదువుకునేదాన్ని. మా గూడెం అక్కడికి పెద్ద దూరమేమీ కాదు, దారిలో వాగు పొంగనంత కాలం. మేం కోయవాళ్లం. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు. మా తాత మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను గానీ, ఆయన తిట్లు మాత్రం కోయలో వింటేనే రుచి.

ఆ ఏడు వార్షికోత్సవానికి భద్రాచలం నుంచి పెద్ద ఆఫీసర్ వస్తున్నారని, ఎప్పుడూ వేసే కోలాటం కాకుండా ఏదైనా కొత్తది చెయ్యాలని మా సోషల్ మేడం పట్టుబట్టారు. మేడంది మధిర వైపు. ఆమె మాట మెత్తన, పట్టుదల మాత్రం గట్టిది. ఒక్కో అమ్మాయి ఒక్కో దేశం జెండా పట్టుకుని నడవాలి, మైకు దగ్గర ఆగి ఆ దేశం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఇదీ ఆమె ఆలోచన. దేశాలెక్కడివి అంటే, స్టాఫ్‌రూమ్ గోడకు వేలాడే జెండాల చార్టువి. ఆ చార్టు ఎప్పుడు కొన్నారో బడిలో ఎవరికీ గుర్తులేదు. అందులో సోవియట్ యూనియన్ ఇంకా నిక్షేపంగా ఉంది. దాన్ని మేడం చూడగానే పెన్సిల్‌తో కొట్టేశారట. యుగోస్లావియా ఆమె కన్నుగప్పి చీటీల్లోకి దూరింది.

జెండాలన్నీ కుట్టింది నా దోస్తు వాళ్ల నాన్న. బజార్లో ఆయన టైలరు దుకాణం. మా యూనిఫారాలు, పెళ్లి జాకెట్లు, పీర్ల పండక్కి జెండాలు అన్నీ ఆయన మిషను మీదనే. నేను చాచా అని పిలిచేదాన్ని. చాచా పెళ్లాం మా గూడెం పిల్ల. ఏదో జాతరలో గుడ్డల మూట వేసుకుని అమ్ముకోవడానికి వచ్చిన చాచా, మూట అక్కడే మర్చిపోయి ఆమె వెనక తిరిగాడని మా అమ్మవాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు. రెండు వైపుల పెద్దలూ కొన్నాళ్లు మూతులు ముడుచుకున్నారు. తర్వాత నా దోస్తు పుట్టింది. దీన్ని ఎత్తుకోవాలని రెండు వైపులా పోటీపడేసరికి మూతులు వాటంతటవే విచ్చుకున్నాయి.

నా దోస్తు బారెడు పొడుగు. రంజాన్‌కు వాళ్ల నానమ్మ ఇంట్లో సేమ్యాపాయసం తాగేది, జాతరకు మా వేల్పు జెండా వెనక నడిచేది. "నువ్వు ఎటువైపే?" అని క్లాసులో ఎవరైనా గిల్లితే, "రెండు దిక్కుల తింట, నీకేందే కడుపుమంట?" అనేది. దానికి చీటీ తగల్లేదు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు తనే వచ్చి, "దా, నీ జెండా కుడుతున్నడు మా నాయన, సూద్దువు" అని లాక్కుపోయింది.

పైన నీలం, నడుమ తెలుపు, కింద ఎరుపు. మధ్యలో పసుపు అంచుతో ఎర్ర చుక్క. నీలం మా యూనిఫారం ముక్కల్లోంచి వచ్చింది. ఎరుపు పీర్ల జెండాలకు తెచ్చిన తానులోది. చుక్క అయిదు కొనలూ సమానంగా రావడానికి చాచా కాగితం మడిచి, కత్తిరించి, చించేసి, మళ్లీ మడిచి నానా తంటాలు పడ్డాడు. పసుపు అంచు ఎవరిదో పెళ్లి జాకెట్టుకు మిగిలిన పట్టు. కుట్టడం అయ్యాక జెండాను దులిపి ఎత్తి పట్టుకుని, "ఎట్లున్నది బేటీ?" అన్నాడు. ఎట్లుందని చెప్పను? నేను పుట్టాక నాకోసమని కుట్టిన మొదటి కొత్తగుడ్డ అదే అన్నంత గర్వంగా ఉంది.

రెండు రోజులు ఆ గర్వంలోనే తిరిగాను. మూడోనాడు ఇంగ్లీషు సార్ క్లాసులోకి వస్తూ వస్తూనే, "యుగోస్లావియా ఎవరిది?" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను.

"కూర్చోమ్మా. ఆ దేశం లేదు."

సార్ గ్రూప్-టూ పరీక్షకు చదువుతుండేవారు. చంకలో ఎప్పుడూ ఒక లావుపాటి జనరల్ నాలెడ్జి పుస్తకం ఉండేది. అందులో లేనిది లోకంలో లేదని ఆయన నమ్మకం.

"ఎట్ల లేదు సార్? జెండా కుట్టినం గదా!" అంది నా దోస్తు.

"జెండా కుడితే దేశం పుడుతుందా? అది విడిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు దాని జాగాలో అయిదు దేశాలున్నయి." సార్ పుస్తకం తెరిచి ఒక్కొక్కటే చదివారు. స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా, మాసిడోనియా, సెర్బియా-మాంటెనీగ్రో.

వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు: "అంటే సార్, ఇంక అయిదు జెండాలా? ఇంక అయిదు చీటీలా?"

అంతే. చీటీ తగలని పిల్లలంతా బల్లలు గుద్దుతూ కేకలు పెట్టారు. చప్పట్లు, ఈలలు. ఒక దేశం కూలిందన్న కబురుకు అంత సంబరం లోకంలో ఇంకెక్కడా జరిగి ఉండదు. నేనొక్కదాన్నే ముక్కు ఎగబీలుస్తూ కూర్చున్నాను. నా దేశాన్ని నా కళ్లముందే పంచుకుంటున్నారు, నాకేమో మళ్లీ మంచినీళ్ల గ్లాసులు. కోపంతో పక్కదాని జడ పట్టి లాగాను. అది నా దోస్తుది. అది కూడా చప్పట్లు కొడుతోంది మరి.

గోలకు మేడం పరిగెత్తుకొచ్చారు. సంగతి విని ఆమె ముఖం చిన్నబోయింది. "చప్పట్లు ఆపండి. ఒకటి అయిదు ఎలా అయిందో రేపు చెబుతాను. విన్నాక కూడా కొట్టాలనిపిస్తే కొట్టండి" అని, సార్ చేతిలోంచి ఆ లావు పుస్తకం తీసుకుని వెళ్లిపోయారు. ఆ రాత్రికి గ్రూప్-టూ చదువు ఆగిపోయినందుకు సార్ మొహం మాడ్చుకున్నారు.

మర్నాడు మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి మేడం చెప్పారు. ఆరు రాష్ట్రాలు కలిసి ఒక దేశంగా ఉండేవట. దగ్గర దగ్గర మాటలు, రెండు రకాల రాత. అక్కడి క్రైస్తవులు రెండు తీర్లు, ఒక్కొక్కళ్లకు ఒక్కో చర్చి. పక్కనే ముసల్మానులు. ఒకే వీధిలో అందరివీ ఇళ్లు. ఒక పెద్దాయన చాలాకాలం దాన్ని గట్టిగా పట్టి ఉంచాడు. ఆయన పోయాక ఎవరి రాష్ట్రంలో వాళ్లు నాయకులై, పక్కవాణ్ణి చూసి భయపడండి అని తమవాళ్లకు నూరిపోశారు. ముందు భయం వచ్చింది, తర్వాత తుపాకులొచ్చాయి. కొండల నడుమ ఉన్న ఒక అందమైన నగరాన్ని చుట్టుముట్టి దాదాపు నాలుగేళ్లు కాల్చారు. నీళ్ల కోసం బకెట్లు పట్టుకుని వీధి దాటేవాళ్లు పరుగెత్తి దాటాలి, ఆగితే చస్తారు. పొయ్యిలోకి కట్టెల్లేక కుర్చీలు, పుస్తకాలు తగలబెట్టుకున్నారు. ఇంకో ఊళ్లో నది మీద కొన్ని వందల ఏళ్లనాటి రాతి వంతెన ఉంటే దాన్ని ఫిరంగులతో కూల్చారు. నిన్నటిదాకా పెళ్లికి పిలుచుకున్న ఇంటివాళ్లే ఒకరినొకరు చంపుకున్నారు.

"ఇదంతా నేను కాలేజీలో ఉన్నప్పుడే జరిగింది. పేపర్లో రోజూ వచ్చేది. నేను సినిమా పేజీ చూసుకునేదాన్ని" అన్నారు మేడం.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జడ రిబ్బన్లు నలుపుకుంటూ కూర్చున్నాం. నాకు భయం వేసింది, నిజం చెప్పాలంటే. మా వరండాలో ఎన్ని రకాల ఇళ్ల పిల్లలున్నారో ఎప్పుడూ చూడనిది ఆ పూట చూశాను. పక్కన లంబాడీ పిల్ల, వెనక కోమట్ల పిల్ల, ఇటు నా దోస్తు. వీళ్లను చూసి భయపడు అని ఎవరైనా చెబితే వింటానా?

"ఆ నగరంలో బడి నడిచిందా మేడం?" అని ఒకమ్మాయి అడిగింది.

"నడిచింది. నేలమాళిగల్లో పిల్లల్ని కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు."

మాకు అది నచ్చింది. కూలిన వంతెనను అదే తీరు రాయితో మళ్లీ కట్టేశారని, రెండేళ్లే అయిందని చెబితే ఇంకా నచ్చింది. వెలిసిన రంగులా ఉన్న ముఖాలు కాస్త తేరుకున్నాయి. అప్పుడు నా దోస్తు అడిగింది.

"మేడం, అమ్మ ఒక దిక్కు, నాయన ఒక దిక్కు అయినోళ్లు గూడ ఉంటరు గదా. వాళ్లు ఎటు పోయిన్రు?"

మేడం దాని వైపు తిరిగారు. అలాంటివాళ్లు చాలామంది ఉండేవారని, జనాభా లెక్కలవాళ్లు వచ్చి మీరెవరని అడిగితే వాళ్లలో ఎందరో ఇదీ అదీ అనకుండా ఉత్త యుగోస్లావులమని చెప్పుకునేవారని అన్నారు. "ఆ దేశం పోయాక అలా చెప్పుకోవడానికి చోటు లేకుండా పోయింది. కొందరు ఉండిపోయారు, కొందరు దూరదేశాలు పట్టుకుపోయారు. పూర్తిగా నాకు తెలీదమ్మా."

నా దోస్తు నేల మీద వేలితో అయిదు కొనల చుక్క గీసింది.

ఇక నా సంగతి. ఇంగ్లీషు సార్ నన్ను పిలిచి ధైర్యం చెప్పారు. "ఏడవకు. విడిపోకుండా కలిసి మిగిలిన రెండు రాష్ట్రాలకు ఇప్పటికీ ఈ రంగులే. చుక్క ఊడదీస్తే చాలు, సెర్బియా-మాంటెనీగ్రో తయార్. నీ నడక నీకుంటది. చుక్క ఉంటే మాత్రం నడవనియ్య. లేని దేశాన్ని ఆఫీసర్ ముందర నడిపిస్తే బడి పరువేం గావాలె?"

జెండా తీసుకుని చాచా దుకాణానికి పరుగెత్తాను. చాచా సంగతి విని, నిట్టూర్చి, బ్లేడు తీశాడు. చుక్క మూల దగ్గర ఒక కుట్టు తెగిందో లేదో నా దోస్తు మిషను మీదకు దూకినంత పని చేసి గుడ్డ లాక్కుంది.

"ముట్టకు నాయనా! చుక్క తీసినవంటే నేనింక దీంతోని మాట్లాడ. నీతోని గూడ మాట్లాడ."

"నాకేం పోయె, సార్ చెప్పిండు" అన్నాడు చాచా.

"మరి నేను నడవద్దా?" అని నేను అరిచాను.

"నడువు. చుక్కతోని నడువు."

"సార్ నడవనియ్యడే!"

అది వినదు. గుడ్డను గుండెకు హత్తుకుని నిలబడింది. కళ్లనిండా నీళ్లు. రెండు దిక్కుల తింట అని ఊరంతా వినపడేలా అరిచే పిల్ల, ఆ చిన్న ఎర్ర చుక్క కోసం అలా ఎందుకు ఏడుస్తోందో నాకు అప్పుడు పూర్తిగా తెలీలేదు. దాన్ని ఏడిపించి నేను నడవలేనని మాత్రం తెలిసింది. నడవకుండానూ ఉండలేను. శని, ఆదివారాలు ఇంటికి పోయి వస్తానని మేడంకు చెప్పి, జెండాను సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

మా తాత గురించి చెప్పాలి. మా వంశానికి ఒక వేల్పు జెండా ఉంది, పడిగె అంటాం. పొడుగ్గా కొనదేలిన గుడ్డ మీద మా పుట్టుక కథంతా బొమ్మలుగా కుట్టి ఉంటుంది. జాతరకు దాన్ని మోసే హక్కు మా ఇంటిది. మిగతా రోజుల్లో తాతకు కల్లు, మీసం దువ్వుకోవడం, నానమ్మతో గొడవ, ఇవే పనులు. పడిగె భుజాన ఎత్తితే మాత్రం ఊరు ఊరంతా ఆయన వెనక నడవాలి. ఆ టెక్కు ఆయన మొహంలో ఏడాది పొడుగునా ఉండేది.

సంచిలోంచి జెండా తీసి చూపించాను. దేశం పోయిందని, అయిదుగా విడిపోయిందని, చుక్క తియ్యమంటున్నారని ఒక్క గుక్కలో చెప్పాను. తాత నులకమంచం మీద లేచి కూర్చున్నాడు.

"పోయిందా? ఎప్పుడు?"

"నేను చిన్నగున్నప్పుడు తాత."

"దినం చేసిన్రా?"

"దేశానికి దినమేంది తాత?"

"ఏందా? పెద్దది పోతే దినం చెయ్యరా?" ఆయన గొంతు లేచింది. మా దగ్గర ఒక వంశం చీలి కొత్త ఊరు కట్టుకుంటే, కొత్త పడిగె కుట్టించుకుంటారు. దాన్ని ఊరికే ఎత్తడానికి లేదు. మొదటిసారి పాత పడిగె ముందు నడవాలి, కొత్తవి దాని వెనక రావాలి. పాతదానికి పని తీరిపోతే, దాని కింద బతికినవాళ్లంతా వచ్చి ఒకసారి ముట్టుకోవాలి, డోలు కొట్టాలి, తిండి పెట్టాలి, గోదాట్లో వదలాలి. దాని మీది బొమ్మను కొయ్యడమన్న మాట మావాళ్ల నోట రాదు. "పాతదాన్ని సాగనంపకుండనే కొత్తయి లేపిన్రా? ఇగ కొట్లాట గాక ఏమైతది మరి! ఎవలు చెప్పిన్రు చుక్క కొయ్యమని? ఆ సార్‌కు ఇంట్ల పెద్దోళ్లు లేరా?"

"తుపాకులతోని కొట్టుకున్నరు తాత. శానమంది సచ్చిన్రు."

తాత గుడ్డను చుక్క దాకా తడిమాడు. "ముందర నువ్వు నడువు, ఎనక ఆ అయిదు రావాలె. దినానికి మేమొస్తం" అన్నాడు. ఆ మాట కల్లు అన్నదనుకున్నాను.

సోమవారం మేడంకు చెప్పాను, భయపడుతూనే. మేడం విని మొదట నవ్వారు. పడిగె నడవనందుకే యుద్ధాలు రాలేదమ్మా అన్నారు. మళ్లీ ఆలోచించి, నా భుజం మీద చెయ్యి వేసి స్టాఫ్‌రూమ్‌లోకి తీసుకెళ్లారు.

"లేని దేశం గురించి నాలుగు ముక్కలు ఏం చెప్తదండీ ఇది?" అన్నారు ఇంగ్లీషు సార్.

"లేదనే చెబుతుంది" అన్నారు మేడం.

సార్ ఒప్పుకున్నారు, ఆఫీసర్ ఏమన్నా అంటే తనకు సంబంధం లేదన్న షరతు మీద. కొత్త దేశాలు అయిదింటికీ చీటీలు వేశారు. అయిదుగురు పిల్లలు నేల మీద నిలవలేదు. నా దోస్తు చీటీల డబ్బాలో చెయ్యి పెట్టనంది. "నాకొద్దు మేడం, ఆ అయిదిట్ల నాది లేదు." గ్లాసుల పళ్లెం తనే పట్టుకుంటానంది. నా పని దానికి పోయినందుకు నాకేమీ సంతోషం కాలేదు.

వార్షికోత్సవం నాడు ఆఫీసర్ వచ్చారు, దండలు పడ్డాయి, ఉపన్యాసాలు మొదలయ్యాయి. మేం జెండాలు పట్టుకుని ఎండలో వరసలో నిలబడ్డాం. అప్పుడు రోడ్డు మీంచి డోళ్ల మోత. ఒక ట్రాక్టరు బడి గేటులోకి తిరిగింది. దాని నిండా మా గూడెం. ముందు మా తాత, తలపాగాలో నెమలీక, దువ్విన మీసం. ఆడవాళ్ల ఒళ్లో బియ్యం మూటలు. దినానికి పోయేవాళ్లు ఉత్తచేతులతో పోరు మరి. దారిలో ఎవరు ఎక్కడికని అడిగినా, "దుమ్ముగూడెంల దేశం పోయింది, దినానికి పోతున్నం" అని చెప్పుకుంటూ వచ్చారట. అందుకని ట్రాక్టరు వెనక సైకిళ్ల మీద ఇంకో జట్టు కూడా దిగింది.

హెడ్‌మాస్టరు గారికి చెమటలు పట్టాయి. ఆఫీసర్ మాత్రం డోళ్లు తన కోసమే అనుకుని లేచి, చేతులు జోడించి, చిరునవ్వుతో నిలబడిపోయారు. ఇక ఆపేదెవరు?

నానమ్మ ట్రాక్టరు దిగి, "పోయినోళ్ల తరఫోళ్లెవరు?" అని అందరినీ అడగసాగింది. ఎవరికీ తెలీలేదు. కబురు ముందు చెప్పిందెవరని అడిగితే పిల్లలు ఇంగ్లీషు సార్‌ని చూపించారు. నానమ్మ నేరుగా పోయి ఆయన చేతుల్లో బియ్యం మూట పెట్టి, "గట్టిగుండు బిడ్డా, ఏం జేస్తం" అంది. వెనకే మిగతా ఆడవాళ్లూ. సార్ మొదట నోరు తెరిచారు. తర్వాత ఏమనుకున్నారో, తల వంచి ఒక్కొక్క మూటా అందుకుని, "అవ్ అమ్మా, అవ్" అంటూ నిలబడ్డారు. యుగోస్లావియాకు ఆ పూట చుట్టమంటూ ఉన్నది ఆయనొక్కరే.

నడక మొదలైంది. మిగతా దేశాలన్నీ వెళ్లాక నా వంతు. ముందు నేను, నా వెనక కొత్త దేశాలు అయిదు, వాటి వెనక డోళ్లు. మైదానం మధ్యకు వచ్చేసరికి నా ఎత్తుకు జెండా కింది అంచు దుమ్ములో ఈడుస్తోంది. ఎంత ఎత్తినా లేవదు. నవ్వుతారేమో అని చచ్చేంత భయం. అంతలో పక్క నుంచి గ్లాసులు గలగలమన్న చప్పుడు. నా దోస్తు పళ్లెం ఆఫీసర్ ముందే కింద పెట్టేసి పరుగెత్తుకొచ్చింది. జెండా రెండో కొస పట్టుకుని తన ఎత్తుకు లేపింది. చుక్క నిటారుగా నిలబడింది. ఇద్దరం మైకు దాకా నడిచాం. డోళ్ల దెబ్బకు కాళ్లు వాటంతటవే ఆడుతున్నాయి. నా జన్మలో నేనంత బాగా ఎప్పుడూ నడవలేదు.

"ఈ జెండా యుగోస్లావియాది. అక్కడ రకరకాల మాటలవాళ్లు, రకరకాల దేవుళ్లవాళ్లు కలిసి ఉండేవారు. యుద్ధాలు వచ్చి ఆ దేశం విడిపోయింది, ఇప్పుడు లేదు."

నాలుగో ముక్క మర్చిపోయాను. నోరు తెరిచి అలాగే నిలబడ్డాను. మేడం దూరం నుంచి ఏదో సైగ చేస్తున్నారు, ఏమీ అర్థం కావడంలేదు. నా దోస్తు మైకు తన వైపు లాక్కుంది.

"మా అమ్మ కోయోళ్ల బిడ్డ. మా నాయన ముసల్మాన్. మేం గక్కడ ఉంటే, గీ జెండా కిందనే ఉండేటోళ్లం."

గేటు దగ్గర మెడలో టేపుతో చాచా నిలబడి ఉన్నాడు. పక్కన నా దోస్తు వాళ్లమ్మ. చాచా టేపు అంచుతోనే కళ్లు తుడుచుకున్నాడు. నాకు కూడా ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది నాలుగో ముక్క. "కూలిన వంతెన మళ్లీ కట్టిన్రు!" అని మైకు లేకుండానే గొంతు చించుకుని అరిచాను. మొదట చప్పట్లు కొట్టింది ఇంగ్లీషు సార్, చంకలో బియ్యం మూటలతోనే. ఆ తర్వాత ఎవరి చప్పట్లు ఎక్కడ ఆగాయో తెలీలేదు. తాత డోలు అందుకున్నాడు. ఆఫీసర్ని కూడా నడుము పట్టి వరసలోకి లాగారు మా ఆడవాళ్లు.

సాయంత్రం ఆ బియ్యమంతా హాస్టల్లో వండించారు. అందరం తిన్నాం. తర్వాత గోదారి ఇసుకలో చాలా దూరం నడిచి నీళ్ల దాకా పోయాం. తాత జెండాను రెండు చేతుల మీద పరిచి, "దీని కింద బతికినోళ్లు ముట్టుకోండ్రి" అన్నాడు. ఎవరు ముట్టుకుంటారు? అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ముందు నా దోస్తు చెయ్యి పెట్టింది. తర్వాత వాళ్లమ్మ. చాచా చెప్పులు విడిచి వచ్చి, తను కుట్టిన చుక్క మీదనే అరచెయ్యి పెట్టాడు. తెగిన ఆ ఒక్క కుట్టును ఎప్పుడో మళ్లీ వేసేశాడని అప్పుడు చూశాను.

"నీ చేత్తోనే ఇడువు బిడ్డా" అని తాత జెండాను నా దోస్తు చేతుల్లో పెట్టాడు. అది మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి వదిలింది. పీర్ల తాను ఎరుపు పక్కా రంగు కాదు, నీళ్లలో కాస్త రంగు కారింది. జెండా ఆనకట్ట వైపు పోయింది. మేం తడి కాళ్లతో, నవ్వుకుంటూ ఇసుకలో పరుగు పందెం పెట్టుకున్నాం. నేనే ఓడిపోయాను.

జూన్‌లో బడి తెరిచారు. మేం పదో తరగతిలోకి వచ్చాం. మొదటి వారంలోనే మేడం పేపరు పట్టుకుని మా క్లాసుకు వచ్చారు.

"కలిసి మిగిలిన సెర్బియా, మాంటెనీగ్రో కూడా విడిపోయాయి. జనం ఓట్లేసి తేల్చుకున్నారు" అన్నారు.

వెనక బెంచీలోంచి వెంటనే వినపడింది: "ఇంకో జెండానా మేడం?"

ఈసారి మేడం కూడా నవ్వారు. "ఇంకో జెండానే. కొట్లాట లేదు. ఒక్క తుపాకీ పేలలేదు."

నా పక్కనుంచి దోస్తు లేచి నిలబడింది.

"ఎట్ల పేలుతది మేడం? సాగనంపినం గదా."